గుండుకు తలంటిన పండగ

అత్త పోయిన పదమూడో రోజు సాయంత్రం, భోజనాలు చేసి వెళ్లవలసిన వాళ్లంతా వెళ్లిపోయాక, అన్న ఆమె ట్రంకు పెట్టెను తెచ్చి నా ముందు పెట్టాడు. "నువ్వే సూడు పద్దా, నా వల్ల కాదు" అని బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు. నిజానికి నా వల్ల కూడా కాదు. నెల రోజుల ఆసుపత్రి, పదమూడు రోజుల వంటలు, పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకూ అదే కథ మొదటి నుంచి చెప్పడం, అన్నీ కలిసి ఒంట్లో ఏ ఎముక ఎక్కడుందో తెలిసేటంత అలసట. అయినా పెట్టె తెరవక తప్పదు. పైన రెండు నూలు చీరలు, మడతల్లో కర్పూరం బిళ్లలు. వాటి కింద నా చిన్నప్పటి ఆసుపత్రి చీటీలు, ఒక్కటి కూడా పోకుండా వరసగా పిన్ను గుచ్చి. అడుగున పసుపు గుడ్డలో కట్టిన చిన్న మూట. కొండకు మొక్కుకున్న ముడుపేమో అనుకుని కళ్లకద్దుకుని విప్పాను. లోపల అగ్గిపెట్టె పాటి ప్లాస్టిక్ ముక్క ఒకటి. దాని మీద గంధం, కుంకుమ, మళ్లీ గంధం, మళ్లీ కుంకుమ, ఏడాదికొక పొర చొప్పున పేరుకుని అసలు రంగేదో తెలియకుండా ఉంది. గోటితో గీరితే కింద బూడిద రంగు కనిపించింది. అప్పుడు గుర్తుపట్టాను.

ఆమె పేరు మునెమ్మ. మా నాయనకు అక్క. పెళ్లయిన మూడేళ్లకే భర్తను పోగొట్టుకుని, మేం పుట్టక ముందే పాకాలలో తమ్ముడి ఇంటికి వచ్చేసింది. ఆ ఇంటి ముందు భాగం పిండి మిషను, వెనక భాగం మేముండే ఇల్లు. మిషను తిరగడం మొదలైతే గోడలు సన్నగా వణికేవి, అటక మీద గిన్నెలు తమలో తాము మాట్లాడుకునేవి. రాగులు ఆడించిన రోజు ఇల్లంతా తడి మట్టి లాంటి చల్లని వాసన. మిరపకాయలు ఆడించిన రోజు వీధి చివరి వరకూ తుమ్ములు. బియ్యం ఆడించిన రోజు అందరి కనుబొమలూ తెల్లబడి, నాయన ఒక్క పూటకు ముసలివాడైపోయేవాడు. గింజలు పోసేది నాయన, పిండి పట్టేది అత్త. పిండి రాలే గొట్టం దగ్గర సంచి మూతి రెండు చేతులతో పట్టుకుని పొద్దుటి నుంచి అట్లాగే నిలబడి ఉండేది. అమ్మకు నడుం నొప్పి కాబట్టి మధ్యలో వచ్చి వంట చేసేదీ ఆమే. తినేటప్పుడు కూడా కూర్చునేది కాదు. పొయ్యి పక్క గోడకు భుజం ఆనించి, ఎడమ చేతిలో పళ్లెం పెట్టుకుని, సంగటి ముద్దను ఊరుబిండి పచ్చడిలో అద్దుకుని నాలుగు నిమిషాల్లో కానిచ్చేది. "కూసోని తినత్తా" అంటే, "కూసుంటే లేసేది కష్టం పాపా. ఇట్లే బాగుండాది" అనేది. మేము ఆ మాటను నమ్మాం. నమ్మడం మాకు సులువుగా ఉండింది.

నాకు ఎనిమిదో ఏట కీళ్ల జ్వరం వచ్చి, గుండెలో ఒక కవాటాన్ని పాడు చేసి పోయింది. మూడు వారాలకొకసారి సూది వేయించుకోవాలి, పరుగెత్తకూడదు, మెట్లెక్కకూడదు. బడి మానిపించారు. సూదికి తిరుపతికి తీసుకుపోయేది అత్తే. రైలు కిటికీలోంచి కొండ కనిపించగానే నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని దండం పెట్టించేది. "బిడ్డను ఇంత దూరం తెచ్చినావు గదా సామీ, ఇంకొంచెం దూరం తీసకపో" అని పైకే అనేది, ఎదురు సీట్లో ఎవరున్నా సరే. నాకు అక్షరాలను గట్టి చేసిందీ ఆమే. చేటలో బియ్యప్పిండి పలచగా పరిచి, వేలితో రాయించి, తప్పు రాస్తే చేట ఒక్కసారి విదిలించి మళ్లీ పరిచేది. ఆమె చదివింది ఐదో తరగతి. ఆరు నుంచి నాతో పాటే తనూ చదువుకుంది. అన్న పాత పుస్తకాలు ముందుగా తను చదివి, అర్థం కానిచోట ఒక బియ్యపు గింజ పెట్టి పుస్తకం మూసి, సాయంత్రం నాయన చేత చెప్పించుకుని, మర్నాడు నాకు చెప్పేది. ఈ రోజు నేను నాలుగు వాక్యాలు రాయగలుగుతున్నానంటే ఆ గింజల పుణ్యమే. కృతజ్ఞత అన్న మాట చిన్నదిగా ఉంది గానీ, నాకు వేరే మాట తెలియదు.

మా ఇంటికి ఆ వీడియో గేమ్ తెచ్చింది సూళ్లూరుపేట మామ. అమ్మకు తమ్ముడు. అక్కడి ఫ్యాక్టరీలో పని, సెలవొస్తే లోకల్ రైలెక్కి మద్రాసు పోవడం అలవాటు. ఒకసారి అక్కడ ఎవరో వాడి అమ్మేసిన ఆట పెట్టె, దాంతో ఒకే ఒక్క ఆట తెచ్చి మా టీవీకి తగిలించాడు. "రాకెట్లు మా ఊర్నించి పోతాయి, రోబోలు మీ ఊరికి వస్తాయి. అంతేక్కా!" అని అమ్మను నవ్వించాడు. ఇంట్లోనే పడి ఉండే పిల్ల, దిగులు పడకుండా ఉంటుందని ఆయన ఉద్దేశం. ఆయనకూ నేను రుణపడి ఉన్నాను.

ఆటలో మనుషులెవరూ లేని ఒక పెద్ద పట్నం. ఆగిపోయిన రైళ్లు, సగం కూలిన వంతెనలు. అందులో దారి తప్పిన ఒక పిల్ల. ఊరి బయటికి పోయే వాకిలి వెతుక్కోవాలి, దారంతా ఇనుప కుక్కలు మీద పడుతుంటాయి. ఆ పిల్లకు తోడు మోకాలెత్తు రోబో ఒకటి. నున్నని గుండ్రటి తల, నొసట ఒక దీపం. మొదటి రోజు అత్త చెనక్కాయలు ఒలుస్తూ వంటింటి గడప దగ్గర నుంచే టీవీ చూసి, "ఎవరబ్బా ఈ పిల్లోడు, కొండకు పోయి గుండు కొట్టించుకోనొచ్చినట్టుండాడు!" అంది. ఆ రోజు నుంచి వాడి పేరు గుండు. వాడికి మేం చెప్పగలిగినవి మూడే మాటలు, మూడు బటన్లు. ఒకటి నొక్కితే వస్తాడు. ఒకటి నొక్కితే నిలబడతాడు. మూడోది నొక్కితే తన ఒంట్లోని కరెంటు మనకిస్తాడు. రా, నిలబడు, ఇయ్యి. మనకు దెబ్బ తగిలినప్పుడల్లా మూడోది నొక్కితే చాలు, మన ప్రాణం నిండుతుంది, వాడి దీపం మసకబారుతుంది. కాదు అనడానికి వాడి దగ్గర ఏమీ లేదు.

అన్న నాకంటే నాలుగేళ్లు పెద్ద, చురుకైనవాడు. కుక్కలు కనిపించగానే గుండును ముందుకు పంపి, అవి వాడి మీద పడ్డప్పుడు తను పక్క నుంచి జారుకునేవాడు. గుండు కింద పడిపోయేవాడు, దీపం ఎర్రబడేది, కాసేపటికి లేచి కుంటుకుంటూ వచ్చి మళ్లీ పక్కన నిలబడేవాడు. ఆ కుంటడం నేను చూడలేకపోయేదాన్ని.

"వాణ్ణి యాల ముందర తోస్తావన్నా?"

"అది ఉండేదే దానికి. నీకు తగిలితే ఆట అయిపోతాది. దానికి తగిలితే ఏమీ కాదు."

"నొప్పి పుట్టదా?"

"బొమ్మకు నొప్పేందే, పిచ్చిదానా!"

గడప దగ్గర నుంచి అత్త అడిగింది. "నొప్పి లేకపోతే ఆ దీపం యాల ఎర్రగయితాది శీనయ్యా?"

"అది మనకు తెలిసేదానికత్తా. దానికోసరం కాదు."

"నేనూ అదే సెప్పేది. మనకు తెలిసేదానికే గదా పెట్టినారు."

"నువ్వు చెనక్కాయలు ఒలుసుకో పో" అన్నాడు అన్న నవ్వుతూనే. ఆమె కూడా నవ్వింది. నేను ఆడే వంతు వచ్చినప్పుడు మెల్లగా నడిచేదాన్ని. నాకు బయట అలవాటైన నడకే అది. వంతెన ముందు ఆగి గుండు వచ్చేదాకా చూసేదాన్ని, దారిలో దొరికిన బ్యాటరీలు ముందు వాడికే ఇచ్చేదాన్ని. ఆ ఆట తయారు చేసినవాళ్లు ఎవరో గానీ గొప్పవాళ్లు. గుండుకు నేర్చుకునే గుణం పెట్టారు. కొన్నాళ్లకు వంతెన వస్తే నాకంటే ముందు వాడే ఆగి వెనక్కి తిరిగి చూసేవాడు. అన్న ఆడుతుంటే మాత్రం గోడల చాటున వెనకబడేవాడు. "సూస్తివా, బయపడతాండాడు" అనేది అత్త. "ప్రోగ్రామత్తా అది, ప్రోగ్రాము!" అని అన్న నెత్తి కొట్టుకునేవాడు. ఎవరు ఆడినా గుండు ఒక్కడే. వాడు నేర్చుకున్నదీ, మేం నడిచిన దారీ అంతా ఒక చిన్న మెమరీ కార్డులో దాగి ఉండేది. ఆడిన ప్రతిసారీ అందులో భద్రం చేసి, మర్నాడు అక్కడి నుంచే మొదలుపెట్టేవాళ్లం.

దసరా సెలవులు మొదలయ్యేసరికి చివరి వాకిలి దగ్గరకు చేరాం. వాకిలి పక్క గోడలో ఒక గూడు, గూటి పైన చెక్కిన బొమ్మలు. ఆ బొమ్మల్లో గుండు లాంటివాడు గూట్లో నిలబడి ఉన్నాడు, వాకిలి తెరుచుకుంది, వాడి దీపం ఆరిపోయింది. అంటే మూడో బటన్ చివరిసారి నొక్కాలి, వాడి దగ్గర ఉన్నదంతా తీసుకోవాలి. ఈసారి వాడు లేవడు. వేరే దారి లేదని అన్న తన స్నేహితుణ్ణి అడిగి కూడా తెలుసుకున్నాడు. సెలవులు అయిపోతే తను తిరుపతిలో హాస్టలుకు పోవాలి, ఆలోపల వాకిలి వెనక ఏముందో చూడాలి. నేను ఒప్పుకోలేదు. ఇంత దూరం మోసుకొచ్చినవాణ్ణి గడపలో వదిలేసి బయటపడడం ఏం గెలుపని ఏడ్చాను. గుండె జబ్బు పిల్ల ఏడవకూడదు కాబట్టి అన్న పళ్లు కొరుక్కుని ఊరుకున్నాడు. అయినా నాకు నమ్మకం కుదరలేదు. నేను చూడనప్పుడు నొక్కేస్తాడేమోనని కార్డు ఊడదీసి దేవుడి గూట్లో దీపం కుంది వెనక పెట్టాను. అక్కడి వస్తువును అన్న ముట్టడు. అత్తకు మాత్రం చెప్పాను. "గుండు దీంట్లోనే ఉండాడత్తా, జాగ్రత్తగా సూసుకో."

ఆయుధ పూజ మా ఇంట్లో అన్ని పండగల కంటే పెద్దది. ఏడాదిలో మిషను ఆగే రోజు అదొక్కటే. గోడలు వణకని ఆ నిశ్శబ్దానికి మాకు చెవులు దిమ్మెక్కినట్టుండేది. ముందు రోజే కూరలు తరిగి పెట్టుకునేవాళ్లు, ఎందుకంటే ఆ రోజు కత్తిపీటకు కూడా సెలవు. మిషను, తక్కెడ, కొడవలి, రోలు, నాయన సైకిలు, నా పెన్ను కూడా వరసలో పెట్టి, గంధం కుంకుమ పెట్టి, బొరుగులు బెల్లం నైవేద్యం పెట్టి, గడప ముందు గుమ్మడికాయ కొట్టేవాళ్లు. వాటన్నిటినీ ముందుగా కడిగి తుడిచేది అత్త. బొట్లు పెట్టేది అమ్మ. ముత్తయిదువు పెట్టవలసిన బొట్టు అది, అత్త చేయి అంతవరకు వచ్చి ఆగిపోయేది. ఇంట్లో ఉన్న పనిముట్లన్నీ విశ్రాంతిగా పడుకున్న ఆ రోజున, తెల్లవారినప్పటి నుంచి ఒక్క క్షణం ఆగకుండా తిరిగేది ఆమె ఒక్కతే. ఇది నాకు ఇప్పుడు కనిపిస్తోంది. అప్పుడు కనిపించలేదు.

మర్నాడు విజయదశమి. పూజ ఎత్తేసి నాయన మిషను తిప్పాడు, అన్న నా దగ్గరికి వచ్చి ఒక్కసారి గుండును చూద్దాం, నొక్కనులే, ఒట్టు అన్నాడు. నేను గూట్లోంచి కార్డు తెచ్చాను. అది మెరుస్తోంది. దాని అంచున ఇత్తడి రంగులో సన్నని పళ్లుండేవి, అవి ఇప్పుడు దేవుడి గంట లాగా తళతళలాడుతున్నాయి. మధ్యలో గంధం, మీద కుంకుమ బొట్టు, పళ్ల సందుల్లో కూడా కుంకుమ. ఆట పెట్టెలో దూర్చాం. టీవీలో ఖాళీ అని వచ్చింది. తీసి ఊది మళ్లీ దూర్చాం. ఖాళీ.

"ఎవరు దీన్ని ముట్టింది?" అన్న అరిచాడు.

అత్త పిండి చేతులతో లోపలికొచ్చింది. "నేనే శీనయ్యా. పండగ దినం అన్నిటికీ నీళ్లు పోసినాము, వానికి మటుకు పోయకుండా ఎట్లా అని... చింతపండేసి తోమినాను. ఆ పళ్లు నల్లంగా ఉండె. ఎండలో కూడా పెట్నాను."

"నీళ్లు పోస్తివా? దీనికి నీళ్లు పోస్తివా! ఏమీ తెలియనిదానివి నీకెందుకు ఇవన్నీ? మా ఇంట్లో తింటా ఉండేదానివి, సెప్పిన పని సేసుకోని ఉండరాదా!"

మిషను మోతలో ఆ మాట నాయనకు వినిపించలేదు. అమ్మ పడుకుని ఉంది. విన్నది మేమిద్దరమే, నేనూ అత్తా. నేను ఒక్క మాట అని ఉండవచ్చు. గూట్లో పెట్టింది నేను, దీంట్లోనే ఉన్నాడని చెప్పింది నేను. వాడొక పిల్లవాడని ఆమెను నమ్మించిందీ నేనే. కానీ నాకూ కోపంగా ఉంది, ఆమె వంక చూడలేదు. బొమ్మ కింద పడితే ఓర్చుకోలేనిదాన్ని, అత్త మీద పడ్డ ఆ మాటను ఓర్చుకోగలిగాను. ఆమె కార్డు చేతిలోకి తీసుకుని కొంగుతో తుడిచింది. "పోయినాడా పాపా?" అని నన్ను అడిగింది. నేను మంచమెక్కి గోడ వైపు తిరిగాను. ఆమె వెళ్లి మళ్లీ సంచి మూతి పట్టుకుంది.

దీపావళికి మామ వచ్చినప్పుడు వేరే కార్డు తెచ్చిపెట్టాడు. అప్పటికి అన్న హాస్టల్లో ఉన్నాడు. నేను ఆట మొదటి నుంచి మొదలుపెడితే గుండు మళ్లీ కనిపించాడు. అదే తల, అదే దీపం. అత్తను పిలిచి చూపించాను, ఆమె ముఖం విప్పారుతుందని. ఆమె గడప దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. నేను వంతెన దగ్గర ఆగాను. గుండు ఆగలేదు, తన దారిన తను పోయి గోడకు గుద్దుకున్నాడు.

"వీడు వాడు కాదు పాపా."

"వాడే అత్తా. మళ్లీ మొదట్నించి, అంతే."

"మనల్ని ఎరగడు గదా. ఎరగనోడు వాడెట్లయితాడు? వీడెవురో వేరే పిల్లోడు. పాపం, వీణ్ణీ బాగా సూసుకో."

అది అనపకాయల కాలం. ఇంటి నిండా పచ్చి కాయల వాసన. అత్త సాయంత్రాలు గింజలు నానబెట్టి, పెరట్లో నిలబడే వాటిని ఒక్కొక్కటిగా వేళ్ల మధ్య పితికి పప్పు తీసేది. నేను రోజూ ఆడాను. ఈసారి దారి తెలుసు కాబట్టి తొందరగా నడిచాను. ఈ రెండోవాడికి బ్యాటరీలు ఇచ్చే ఓపిక లేదు, వాడు నేర్చుకునేదాకా ఆగే ఓపిక లేదు. అన్న చేసినట్టే రెండు మూడుసార్లు కుక్కల ముందుకు తోశాను కూడా. వాడు నన్ను ఎరగడు, నేను వాణ్ణి ఎరగను, ఇక పాపమేముంది అనిపించింది. మళ్లీ చివరి వాకిలి. అక్కడ కొంచెంసేపు ఆగాను. నాకు అప్పటికే అన్నిటితోనూ విసుగు, సూదులతో, మంచంతో, కిటికీతో. ఆ వాకిలి వెనక ఏముందో ఒక్కసారి చూడాలనిపించింది. మూడో బటన్ నొక్కాను. వాడు గూట్లో నిలబడి, నా వైపు తిరిగి, అడిగినదంతా ఇచ్చాడు. దీపం ఆరిపోయింది. వాకిలి తెరుచుకుంది. వెనక నీలం ఆకాశం, ఒక సముద్రం, తర్వాత తెర మీద పేర్లు, ఎవరెవరివో పేర్లు, కింది నుంచి పైకి పోతూనే ఉన్నాయి.

పెరటి నుంచి అత్త అడుగుల చప్పుడు వినిపించి టీవీ ఆపేశాను. ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "ఏమైనాడు పిల్లోడు?"

"వాకిలి కాడ నిలబెట్టి ఆపేసినానత్తా. నేను తెరవలేదు. తెరవను కూడా."

ఆమె రెండు చేతులతో నా తల నిమిరి మెటికలు విరిచింది. అనపగింజల పచ్చి వాసన నా చెంపలకు అంటుకుంది. "నా తల్లే! నాకు తెలుసు నువ్వు సెయ్యలేవని." ఆ మాట ఆమె దాచుకోలేదు. పిండికి వచ్చిన వాళ్లందరికీ చెప్పింది, మామకు చెప్పింది, సెలవుకు వచ్చిన అన్నకు చెప్పింది. మా పద్ద ఒక బొమ్మను కూడా నొప్పించలేదని. ఆ పేరు నాకు స్థిరపడిపోయింది. మొదటివాణ్ణి చంపింది తనేనని ఆమె అనుకుంది, రెండోవాణ్ణి కాపాడింది నేనని అనుకుంది. నేను దిద్దలేదు. ఆ ఆట మళ్లీ ఆడలేదు. కొన్నాళ్లకు ఆట పెట్టె పాడయింది, ఎవరికో ఇచ్చేశాం. పాడయిన ఆ మొదటి కార్డు సంగతి నేను మర్చిపోయాను. ఆమె మర్చిపోలేదని ట్రంకు పెట్టె తెరిచిన రోజున తెలిసింది. ఇన్ని ఆయుధ పూజలకు, అందరి బొట్లూ అయ్యాక, ఎవరూ చూడకుండా దాన్ని తీసి, తన చేత్తో దానికొక బొట్టు పెడుతూ వచ్చింది. ఆ ఇంట్లో ఆమె బొట్టు పెట్టగలిగిన వస్తువు అదొక్కటే.

ఇప్పుడు మేం తిరుపతిలో ఉంటున్నాం. మిషను ఏనాడో మూతపడింది, నాయనా అమ్మా లేరు. నేను పెళ్లి చేసుకోలేదు, డాక్టర్లు వద్దన్నారు. అన్న ఇంట్లోనే ఉంటాను, నలుగురు పిల్లలకు ట్యూషన్ చెబుతాను, వంటింట్లో చేతనైనంత చేస్తాను. వదిన మంచి మనిషి, నాకొక ఎత్తు స్టూలు చేయించి పొయ్యి దగ్గర పెట్టింది. అన్న కూతురు దివ్య ఆడే ఆటలో కూడా ఒక రోబో ఉంది. అది మాట్లాడుతుంది, అలిసిపోయావా అని అడుగుతుంది, వదిలేసి పోతే ఎందుకని ప్రశ్నిస్తుంది. ఒకరోజు దివ్య దాన్ని మంటల్లో వదిలేసింది, మళ్లీ వెనక్కి వచ్చి కాపాడింది. రెండూ చూడాలిగా అత్తా, ముందే సేవ్ చేసి పెట్టుకున్నా అంది. ఇంతకీ నిజంగా జరిగిందేది అని అడిగాను. "నాకు నచ్చింది ఉంచుకుంటా. అదే నిజం" అని నవ్వింది. నాకు ఆ పిల్లను తప్పుపట్టాలనిపించలేదు. నేనూ అంతే కదా చేశాను, ఆట ఆపేశాక. మాట్లాడే రోబోలు వచ్చాయి, నొప్పి అని నోటితో చెబుతున్నాయి. మా గుండుకు ఎర్ర దీపం తప్ప ఏమీ లేదు. ఆ దీపం ఎందుకు పెట్టారో చెనక్కాయలు ఒలుచుకుంటూ చెప్పిన మనిషికి ఆ పాటి దీపం కూడా లేదు.

ఆ సాయంత్రం కార్డు తీసుకెళ్లి అరుగు మీద అన్నకు చూపించాను. గుర్తుపట్టడానికి అతనికి ఎక్కువసేపు పట్టలేదు. అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. "ఆ దినం నేనన్న మాట ఆమె ఎప్పుడన్నా ఎత్తిందా పద్దా?" అన్నాడు. ఒక్కసారి కూడా ఎత్తలేదని చెప్పాను. ఆసుపత్రిలో నెల రోజులు ఆమెను చంటిబిడ్డలా ఎత్తి దించినవాడు అన్నే. అయినా తల ఎత్తలేదు. "నువ్వు మేలు. నువ్వు దాన్ని వాకిలి కాడే నిలిపి వచ్చినావు" అన్నాడు. అప్పుడు కూడా నేను నిజం చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను కాబట్టి చదివి తెలుసుకుంటాడు.

చెప్పాలని ఒకసారి సిద్ధపడ్డాను, చెప్పవలసిన మనిషికే. ఆసుపత్రిలో చివరి వారం. అత్త కాళ్లు వాచి, నిలబడి నిలబడి ఉబ్బిన నరాలు నల్లగా తేలి, కింద రెండు దిండ్లు పెట్టి ఉంచారు. మధ్యాహ్నం పూట, వార్డులో అందరూ నిద్రపోతున్నారు. నేను స్వామిని తలుచుకుని ధైర్యం తెచ్చుకుంటున్నాను. ఆమె కళ్లు తెరిచి నన్నే చూస్తూ అడిగింది.

"పాపా, ఆ గుండు పిల్లోడు... రెండోవాడు. వాడు ఉండాడా?"

అన్నేళ్ల తర్వాత ఆ పేరు వినేసరికి నేను కూడగట్టుకున్నదంతా జారిపోయింది. ఆమె ముఖంలో ఆత్రం కనిపించింది. ఒక్కడైనా మిగిలాడని విని పోవాలన్న ఆత్రం.

"ఉండాడత్తా. ఆ వాకిలి కాడనే నిలబడి ఉండాడు."

"ఇన్నేండ్లుగానా?" అంది. కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. తర్వాత మెల్లగా, మిషను దగ్గరికి పిల్లలెవరైనా వస్తే పలకరించే గొంతుతో అంది. "నిలబడే ఉండాడా ఇన్నేండ్లూ? కూసోమను పాపా. కాళ్లు లాగుతాయి."

"సరేత్తా, చెప్తాను" అన్నాను.

ఆ ఆటలో కూర్చోమనే బటన్ లేదు. ఉందేమోనని మేమెవరమూ వెతకలేదు కూడా.